అత్తయ్య దవడ కింద చిల్లు

మా మేనత్త గొంతు మా మిరపచేలో పిట్టలకు బాగా తెలుసు. ఆవిడ గట్టు మీద నిలబడి ఒక్క కేక వేస్తే పిట్టలు లేచేవి, కూలీలు వంగేవారు. ఆ గొంతు కాస్త తగ్గితే బాగుండునని ఊరంతా అనుకునేది. ఇలా తగ్గాలని మాత్రం ఎవరూ కోరుకోలేదు.

ఇరవై ఏళ్ళుగా పొగాకు కాడ పెట్టుకున్న బుగ్గలోనే పుండు లేచింది. పందొమ్మిది వందల అరవైల మొదట్లో గుంటూరులో ఆపరేషన్ చేసి, కింది దవడ ఎముక సగమూ మెడలో గడ్డలూ తీసేశారు. ముక్కులోంచి కడుపులోకి రబ్బరు గొట్టం వేసి ఇంటికి పంపారు. నాలుగో రోజున దవడ కింద కుట్లు విడి చిల్లు పడింది. మింగిన ఉమ్మి అందులోంచి మెడ మీదికి కారేది. మళ్ళీ గుంటూరు తీసుకెళ్ళాం.

"నోటితో చుక్క నీళ్ళు తాగించొద్దు. గొట్టంలో బలమైన ఆహారం పొయ్యండి. నెలన్నరలో పూడకపోతే మళ్ళీ కొయ్యాలి" అన్నాడు డాక్టరు. మాట పెగలక, కోయించుకోనని అత్తయ్య చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ ఊపుకు డాక్టరు కళ్ళజోడు కింద పడింది.

పి.యు.సి. తప్పి ఖాళీగా ఉన్నవాణ్ణి కాబట్టి, గొట్టానికి గరాటు పెట్టి పొయ్యడం నా ఉద్యోగమైంది. ఏం పొయ్యాలన్నది నాయనమ్మ అధికారం. ఆవిడ లెక్కలో పప్పు చీము పట్టిస్తుంది, గుడ్డు వేడి చేస్తుంది, పాలు పడవు. ఇక మిగిలింది బియ్యం జావ. రెండు వారాలు అదే పోశాను. అత్తయ్య చిక్కిపోయింది. చిల్లు పెద్దదైంది. ఇంట్లో ఒళ్ళు చేసింది అదొక్కటే.

అద్దంకిలో కట్టు మార్చే కాంపౌండరు గుడ్డ విప్పి చూసి నా వైపు తిరిగాడు.

"గొట్టంలో ఏం పోస్తున్నావయ్యా?"

"జావండి."

"ఇంకా?"

"ఇంకాస్త జావండి."

ఆయన నవ్వలేదు. "గోడకు కన్నం పడితే ఒట్టి నీళ్ళు చల్లి పూడుస్తావా? మట్టి కావాలా, వద్దా? పాలు, గుడ్లు, పప్పుకట్టు, అన్నీ పొయ్యి!"

ఇంటికొచ్చి ఆ మాటే చెబితే నాయనమ్మ మండిపడింది. "పప్పు పోస్తే చీము పట్టదంట్రా? ముందా కాంపౌండర్ని ఓ పుండు లేపుకోమను, వాడికీ పప్పే పోద్దాం!"

"అంత కోపముంటే వాడికి జావ పోద్దాం నాయనమ్మా."

చీపురు పైకి లేచింది. ఈలోగా అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి, వేడి పాలల్లో గుడ్డు గిలక్కొట్టి, గుడ్డలో వడకట్టి తెచ్చింది. గరాటు నా చేతిలో పెట్టింది. నేను నాయనమ్మ వైపు చూశాను. అత్తయ్య నా నెత్తి మీద ఒక్కటి మొట్టింది. పోశాను.

మూడో రోజుకూ చీము జాడ లేకపోయేసరికి పప్పుకట్టు నాయనమ్మే వడకట్టింది. నాకు వడకట్టడం చేతకాదట, అందుకని.

ఆ తర్వాత రెండు గంటలకోసారి గరాటు ఎత్తాల్సిందే. నేను అయిదు నిమిషాలు ఆలస్యం చేస్తే మొట్టికాయ. అత్తయ్య ఉమ్మి మింగకుండా రేకు డబ్బాలో ఉమ్మేది. ఘాటుకు తుమ్మితే కుట్లు కదులుతాయని ఆ ఏడు మిరపకల్లం వైపే వెళ్ళలేదు. ఎవరూ వద్దని చెప్పలేదు. చెబితే వెళ్ళేదేమో కూడా.

నెలన్నరకు మళ్ళీ గుంటూరు. డాక్టరు అత్తయ్య దవడ కింద తెల్లగుడ్డ ఒత్తిపెట్టి, నీలిరంగు కలిపిన నీళ్ళు గ్లాసులో ఇచ్చాడు. గుడ్డకు రంగు అంటితే మళ్ళీ కత్తే. అత్తయ్య తల పక్కకు వంచి గుక్కెడు మింగింది. దగ్గింది. మళ్ళీ మింగింది.

గుడ్డ తెల్లగానే ఉంది.

"పూడిందమ్మా" అన్నాడు డాక్టరు.

అత్తయ్య ఖాళీ గ్లాసు మళ్ళీ చాపింది.

"నమ్మకం కుదరలేదండి, ఇంకోసారి చూడమంటోంది" అన్నాను.

రెండోసారీ తెలుపే. మూడోసారికి నాలుక నీలంగా మారింది కానీ గుడ్డ మారలేదు. అత్తయ్య ఆ గుడ్డ లాక్కుని, కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు వైపులా తిప్పి చూసుకుంది. తిరిగొచ్చి కూర్చుని, డాక్టరు చెయ్యి పట్టుకుని తన ముక్కులో గొట్టం మీద పెట్టింది.