ఆరు వరుసల లెక్క

మా వీధి గోడకు కోచింగ్ సెంటర్ పోస్టర్లు అంటించే మనిషి బకెట్ మూత తీస్తే ఉడికించిన మైదా వాసన నా గది దాకా వస్తుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వాసనకు నా అరచేతుల్లో చెమట పడుతుంది.

మాది సిరిసిల్ల. ఇంట్లో నాలుగు మరమగ్గాలు ఉండేవి, మేము సాంచాలు అంటాం. అమ్మ తమ్ముడు మల్లేశం మామ వాటిని నడిపేవాడు. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయి సాంచాలు ఆగితే, చెవుల్లో హోరు తగ్గేలోపు గట్క, పచ్చిపులుసు తిని, నూలు దుమ్ము నిండిన నేల మీద సుద్దముక్కతో నాకు లెక్కలు చెప్పేవాడు. ఒకనాడు 142857 అని రాసి, "రెండుతోటి గుణించు అల్లుడా" అన్నాడు. 285714 వచ్చింది. మూడుతో గుణిస్తే 428571. అవే అంకెలు, అదే వరుస, మొదలు మాత్రం వేరు.

"గుండ్రంగ తిరుగుకుంట బతుకమ్మ ఆడుతున్నయ్‌రా. ఒక్కటి గూడ వరుస తప్పది."

ఆరు దాకా అంతే. ఏడుతో నన్నే చేసి చూడమన్నాడు.

రఫ్ కాగితానికి మా వాడలో పిల్లలందరిదీ ఒకటే పద్ధతి. గోడ మీది పోస్టర్‌ను తడి గుడ్డతో నానబెట్టి, చిరగకుండా ఊడదీసి, ఎండబెట్టి, వెనకవైపు రాసుకునేవాళ్లం. సినిమా పోస్టర్లు పలచన. నక్సలైట్ అన్నలు అంటించిన ఎర్ర అక్షరాల కాగితం మందం. ఆరు వరుసలూ దాని మీదే రాసుకుని, అమ్మకు కనపడకుండా సాంచాల గది గూట్లో దాచాను.

కొన్నాళ్లకు ఒక పొద్దున పోలీసులు వాడ చుట్టూ నిలబడ్డారు. మాకు వాళ్ల అడుగులు వినపడలేదు. మొదటి ఇంట్లో సాంచాలు ఆగాయి, తర్వాత పక్కింట్లో, ఆ తర్వాత మా గోడ అవతల. ఆ నిశ్శబ్దం ఒక్కో ఇల్లూ దాటుకుంటూ మా గుమ్మం దాకా వచ్చింది.

గూట్లో కాగితం ఎస్సై చేతికి దొరికింది. ఒకవైపు ఎర్ర అక్షరాలు, రెండోవైపు అంకెలు.

"ఏం కోడురా ఇది?"

"లెక్క సార్. గుణించి చూడుండ్రి, తెలుస్తది" అన్నాడు మామ.

"నాకు లెక్కలు నేర్పుతవా?" అని చెంప మీద కొట్టి, నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. ఇది ఎవలు రాసిన్రు?"

సుద్దముక్క నా కాళ్ల దగ్గరే ఉంది. ఒక్క గుణకారం చేసి చూపిస్తే చాలు, ఎవరైనా ఒప్పుకోవలసిన లెక్క అది.

"నాది కాదు సార్. మామది."

మామ నన్ను ఒకసారి చూశాడు. వెళ్లి జీపెక్కాడు.

నాలుగో రోజు తిరిగి వచ్చాడు. ఆ తర్వాత తెగిన పోగును ముడివేయడం అతని కుడిచేతి వేళ్లకు చేతకాలేదు. అన్నం దగ్గర ఎడమచేత్తో ముద్ద కలుపుతూ, "ఏడుతోటి చేసినవా?" అని అడిగాడు. తల అడ్డంగా ఊపాను.

"చెయ్యి. అన్నీ తొమ్మిదులే వస్తయి."

కాగితం మాట ఆనాడూ ఎత్తలేదు, సాంచాలు వదిలి కోరుట్లకు పోయి కిరాణా దుకాణం ముందు కూర్చుని గడిపిన చివరి ఏళ్లలోనూ ఎత్తలేదు. తప్పైందని చెప్పాలనే రెండుసార్లు బస్సెక్కి వెళ్లాను. చాయ్ తాగి వచ్చాను.

ఇప్పుడు ఆ వాడలో సగం సాంచాలు పాత ఇనుముకు పోయాయి. మామ లేడు. నేను లెక్కల మాస్టారుగా ఏటా ఆ సంఖ్యను బోర్డు మీద రాశాను, పిల్లలు ఏటా నవ్వారు. రిటైరయ్యే ఏడాది ఒక అమ్మాయి లేచి, "సార్, మీకు గిది ఎవలు చెప్పిన్రు?" అని అడిగింది.

"పుస్తకంల చూసిన" అన్నాను.