నీళ్ళు ఎక్కువ తాగిన నారు

నా చిన్నప్పుడు, వినాయక చవితి వెళ్ళిన మంగళవారం, జిన్నింగు మిల్లు పదకొండు గంటల కూత వేసేసరికి, తెల్లవారుజామున నాటిన మా మిరప మొక్కలన్నీ తలలు వాల్చేశాయి. ఆ రోజూ ఆ గంటా ఇంత కచ్చితంగా ఎందుకు గుర్తంటే, ఆ కూత వినగానే నా కాళ్ళు ఒకచోట నిలవలేదు. చేసింది నేను. నాకప్పుడు తొమ్మిదేళ్ళు.

మా మేనత్త మిరప నారు పెంచడంలో చెయ్యి తిరిగిన మనిషి. మా కౌలు ఎకరం కోసం ఆ ఏడు రెండు మళ్ళు పోసింది. ఒకటి బావి పక్కన, ఒకటి గట్టు పక్కన. ఇంకో పది రోజుల్లో నారు పీకాలనగా కూతురి పురుడుకి చీరాల వెళుతూ, మళ్ళలోకి మేకలు రాకుండా చూడమని పక్కింటి అక్కకి అప్పగించింది. "చచ్చినా నీళ్ళు పోయమాక. వాటిని ఎండనీ," అని రెండుసార్లు చెప్పింది. నేను విన్నాను.

విని ఊరుకోలేకపోయాను. ఎండలో ఆ మొక్కలు ఎవరూ పట్టించుకోని పిల్లల్లా కనపడేవి. మధ్యాహ్నం అక్క అన్నానికి ఇంటికి పోగానే బావి పక్క మడికి చెంబులతో నీళ్ళు పోసేదాన్ని. కర్రలు పాతి అమ్మ పాత చీర కప్పి, అక్క వచ్చేలోపు తీసేసేదాన్ని. పది రోజుల్లో ఆ మడి లేతగా, వెడల్పాటి ఆకులతో నిగనిగలాడింది. బావి ఊట తగిలిందనుకున్నారు. గట్టు పక్కది మాత్రం పొట్టిగా, చిన్న ఆకులతో, మొండిగా ఉంది.

వాన పడింది, నేల పదునెక్కింది. అత్త వచ్చేదాకా ఆగితే పదును పోతుందని మా నాన్న నాట్లు మొదలెట్టాడు. "నారంటే ఇదీ" అంటూ ముందు నా మడే పీకించాడు. తొమ్మిదింటికి మబ్బు విడిచింది. ఎండ కాదది, పెనం. పదకొండుకి చాళ్ళన్నీ తడిగుడ్డలు పరిచినట్టు పడిపోయాయి.

నాన్న అక్క మీద విరుచుకుపడ్డాడు. "ఊట కాదు, నువ్వే! వద్దని చెప్పిపోతే కుండలు కుండలు దిమ్మరించావా?"

"ఒట్టు బాబాయ్, నేను చుక్క పోయలేదు."

"మరి దేవదూతలొచ్చి పోశారా? రేపట్నుంచి మా చేలో అడుగు పెట్టమాక."

అక్కకి కూలిపనే తిండి. ఏడవలేదు, నోట్లో కొంగు కుక్కుకుంది. నేను గట్టు మీద ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాను.

అప్పుడే అత్త బస్సు దిగి, నెత్తిన సంచితో నేరుగా చేలోకి వచ్చింది. ఎవర్నీ ఏమీ అడగలేదు. వాలిన ఆకొకటి తిరగేసి చూసింది. బావి పక్క మళ్ళో మిగిలిన నారులోంచి ఒక మొక్క, గట్టు పక్కదాంట్లోంచి ఒకటి పీకి, వేళ్ళకి మన్ను కడిగి, కొంగులోంచి పోగు లాగి రెంటినీ తలలు పైకుండేట్టు ఒక కర్రకి కట్టింది.

"రావే కోడలా, పందెం. ఏది ముందు పడిపోద్ది?"

"ఆ బక్కది," అన్నాను. ఎవరైనా అదే అంటారు.

నన్ను అక్కడే నిలబెట్టింది. నాకు నిలబడటం చేతకాలేదు. కాలు మార్చి కాలు మారుస్తుంటే, నా కళ్ళముందే పుష్టిగా ఉన్నది మెడ విరిగినట్టు వేలాడింది. బక్కది ఆకులు కాస్త ముడుచుకుంది, అంతే.

"పెంచిందెవరో గానీ ముద్దు చేశారు. దీనికి నోరు మూసుకోవడం రాలా. ఉన్న నీళ్ళన్నీ ఎండకి అప్పజెప్పింది," అంది అత్త, మొక్క వంకే చూస్తూ.

"నేనే పోశానత్తా. అక్క కాదు."

నాన్న చెయ్యెత్తాడు. "కొట్టమాక. ముందు దాని చెయ్యి పనికి రానీ," అంది అత్త. ఎండకి పోయే నీళ్ళు తగ్గేట్టు, మిగిలిన లేత నారుకి పెద్ద ఆకులన్నీ సగానికి తుంచమని నన్నూ అక్కనీ పక్కపక్కన కూర్చోబెట్టింది. పొద్దు వాలాక వాటినీ, గట్టు పక్క నారునీ నాటారు. అవి బతికాయి. పొద్దున నాటిన చాళ్ళు బతకలేదు. అక్కడ గోంగూర చల్లారు. ఆ ఏడాదంతా పచ్చడి కలుపుకుంటూ మా నాన్న "ఇది నీ పంటేనే" అనేవాడు. అక్కకి మాత్రం సారీ గీరీ ఏమీ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆమె గుమ్మం ముందు నిలబడి "పనికి రావే" అని కేకేశాడు.

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. మొన్న సెలవులకొచ్చిన మనవరాలు డాబా మీద ఎండలో ఉన్న మిరప కుండీ ఆకుకీ, మెట్ల కింద నీడలో ఉన్నదాని ఆకుకీ అడుగున గోళ్ళ రంగు పూసి, ఆరాక పొరలా ఊడదీసి, ఫోనుకి భూతద్దం తగిలించి చూపించింది. ఎండ ఆకు మీద చిన్న చిన్న నోళ్ళు, ఒత్తుగా. నీడ ఆకు మీద పెద్దవి, ఎడంగా. చిన్నవి చప్పున మూసుకుంటాయట, పెద్దవాటికి ఆలస్యమట. ఆ నోటికి దాని పుస్తకంలో ఉన్న 'పత్రరంధ్రం' అనే మాట కూడబలుక్కుని చదివాను. మా అత్త ఆ మాట వినలేదు. సంగతి మాత్రం ఆవిడకి తెలుసు.

ఆ పిల్ల ఇప్పుడు బ్రాడీపేట హాస్టల్లో ఉంది. తిన్నదో లేదోనని గంటకోసారి ఫోను తీస్తాను, పెట్టేస్తాను. లేచి డాబా ఎక్కుతాను. చెంబు చేతిలో ఉంటుంది. పోయను. పోయకుండా నిలబడటం ఇప్పటికీ నాకు కష్టమే.

ఆ రోజు చేలో ఉన్నవాళ్ళం మా మేనత్త, మా నాన్న, మా అమ్మ, నాట్లకొచ్చిన మా పిన్ని, పక్కింటి అక్క, నేను. ఇప్పటికి మిగిలింది అక్కా నేనూ. పోయిన ఆదివారం చర్చిలో నన్ను చూసి అక్క, అందరూ వినేట్టు, "ఏమే, ఈ ఏడు ఎవరి నారు చంపావు?" అంది.