తొందరపడి చెప్పిన రైట్

సిటీ బస్సులో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాక, నల్లగండ్లలో మా అమ్మాయి ఫ్లాటుకు వచ్చేశాను. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. పొద్దున్నే మనవరాలిని స్కూలు బస్సు ఎక్కించడం తప్ప నాకు వేరే పని లేదు.

ఒకరోజు పిల్లలు ఇంకా ఎక్కుతుండగానే, పాత అలవాటు కొద్దీ బస్సును చేత్తో చరిచి "రైట్, రైట్" అనేశాను. బస్సు కదిలింది. మా మనవరాలి కాలు ఒకటి మెట్టు మీద, ఒకటి నేల మీద ఉంది. "హోల్డాన్" అని అరిచాను. బస్సు టక్కున ఆగింది. పాప కడ్డీ పట్టుకుని నిలబడే ఉంది. సర్వీసంతా ఒక్కరినీ పడనివ్వని నేను అక్కడే కూలబడ్డాను.

డ్రైవర్ దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను.

"కండక్టర్ చేసిన్రా అమ్మా?" అన్నాడు. తలూపాను.

"గందుకే, మీరు ఆపమంగనే నా కాలు బ్రేకు మీద పడ్డది. ఈ బండికి పిల్లలను ఎక్కిచ్చే ఆయమ్మ లేదు. రేపటి నుంచి రైట్ మీరే చెప్పుండ్రి. జర అందరు ఎక్కినంక."

ఇప్పుడు రోజూ పిల్లలను లెక్కపెట్టి, తలుపు వేశాకే రైట్ చెబుతున్నాను. మనవరాలు మాత్రం తను ఎక్కి కూర్చునేదాకా నన్ను చేతులు కట్టుకుని నిలబడమంటుంది.