సెకనుకి రెండు బిందెలు

నా చిన్నప్పుడు ఒక ఏడు, మా నాన్నకి నీళ్లు కట్టడం చేతకాక మిరప తోట ఎండిపోయిందని బాబాయి ఇప్పటికీ పెళ్లిళ్లలో చెప్పి నవ్విస్తుంటాడు. శుద్ధ అబద్ధం. టీవీలో కాలువకి ఇన్ని క్యూసెక్కులు వదిలారన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

"మీ తూముకి క్యూసెక్కు వస్తోంది," అన్నాడు ఆ రోజు జీపులో వచ్చిన కాలువ ఇంజినీరు.

"అంటే ఎంతండి?" అన్నాడు నాన్న.

"సెకనుకి ఇరవై ఎనిమిది లీటర్లయ్యా!"

మా ఇత్తడి బిందెకి పద్నాలుగు లీటర్లు పడతాయి. అంటే సెకనుకి రెండు బిందెలు! చూద్దామని బిందె తీసుకుపోయి తూము కింద పెట్టాను. బురద వాసన కొట్టే ఆ సన్నటి ధారకి ఒక్క బిందె నిండేలోపు పన్నెండో ఎక్కం మొత్తం అప్పజెప్పేశాను. ఇంజినీరు తప్పు చెప్పడు కదా!

"నాన్నా, మన చేలో సెకను ఇంత పొడుగా?"

"చివరి చేను కదమ్మా, మనకన్నీ పొడుగే," అన్నాడు.

కాయ పట్టకముందే తోట ఎండింది.

కాలువలో పై నుంచి బయల్దేరినప్పుడు మా వాటా నీరు క్యూసెక్కేనని చదువుకున్నాక తెలిసింది. అదే కాలువ మీద, మాకు సరిగ్గా పైన, బాబాయి చేను.

నీళ్లు కట్టడం అంత బాగా తెలిసిన బాబాయ్, ఆ ఏడు నీ తోటకి పారినవి ఎవరి నీళ్లు?