వార్డు తేలని గంట

2011. తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇరవై మంచాల నర్సింగ్ హోమ్‌లో నేను స్టాఫ్ నర్సుని. జనం నన్ను కాంపౌండర్ అనుకునేవారు. నేనూ దిద్దేవాణ్ని కాదు.

ఒక బంద్ రోజు పొద్దున ఎల్బీనగర్ నుంచి ఆటోలో అంజలి వచ్చింది. ముప్పై ఏళ్ల ట్రాన్స్ మహిళ. పొత్తికడుపు కుడిపక్క పట్టుకుని వంగిపోయి ఉంది. వెంట లక్ష్మమ్మ, ఆమె గురువు. హిజ్రాల ఇళ్లలో గురువంటే తల్లి లెక్క.

మా దగ్గర బెడ్ నంబరు పడితేనే సర్జన్‌కు కబురు. నంబరు పడాలంటే వార్డు తేలాలి. రేషన్ కార్డులో పురుషుడని ఉంది. ఎదురుగా చీరలో మనిషి ఉంది. నర్సింగ్ చదువులో దీనికి పాఠం లేదు. మేనేజరుకు ఫోన్ చేశాను. ఆయన యజమానికి చేశాడు. యజమాని ఆలోచించి చెప్తానన్నాడు. ఈలోగా కార్డు మళ్లీ చదివాను. అందులో మార్పేమీ రాలేదు.

"ఏంది బిడ్డా, వైద్యం కార్డుకు చేస్తవా?" అంది లక్ష్మమ్మ.

"నొప్పి కడుపుల ఉన్నదన్నా," అంది అంజలి. "అదొక్కటి తప్ప అన్నీ చూస్తున్నరు."

గంట గడిచాక సర్జన్ రౌండ్సుకు తానే వచ్చారు. గుంటూరు మనిషి. కడుపు మీద చెయ్యి వేసి, పేరడిగి, "ఏ వార్డులో అయితే నీకు ఇబ్బంది ఉండదమ్మా?" అన్నారు.

"ఆడోళ్ల దాంట్ల సార్."

తేలిపోయింది. ఆడవాళ్ల వార్డులో గొడవవుతుందని నా భయం. అక్కడున్న నల్లగొండ అవ్వ అంజలిని ఎగాదిగా చూసి, "ఫ్యాన్ కింది మంచం నాది. గదొక్కటి అడగకుంటే సాలు," అంది.

అపెండిక్స్. పర్ఫరేషన్‌కు, అంటే లోపలే పగిలి చీము కడుపంతా పాకడానికి, ఎంతో దూరంలో లేదు. ఆపరేషన్ బాగానే జరిగింది.

మర్నాడు రౌండ్సులో సర్జన్ అంజలితో, "ఇంత ఆలస్యంగా వచ్చారేంటి?" అన్నారు.

"బంద్ సార్," అన్నాను. ఆ రోజుల్లో ఆ జవాబు ఎక్కడైనా చెల్లేది.

"బంద్ చేసెటోళ్లు ఆపలే సార్," అంది అంజలి, మెల్లగా. "ఆటోకు తొవ్వ ఇచ్చిన్రు. ఈడికొచ్చినంక ఆగినం."

సర్జన్ నావైపు చూసి పక్క మంచానికి వెళ్లారు. తిడితే ఆ పూటతో పోయేది.

డిశ్చార్జి రోజు, తప్పు నాదేనని అంజలితో చెప్పాను.

"సరేగానీ, ఇంకోలొస్తే ఏ వార్డో జర ముందుగాల అడుగన్నా."

అడుగుతున్నాను. జవాబు చెప్పడానికి ఇప్పటిదాకా ఎవరికీ అర నిమిషం కూడా పట్టలేదు.