దండెం మీది బనియన్లు

గుండెకు స్టెంట్ వేశాక కర్నూలు ఆసుపత్రిలో నాకొక బనియన్ ఇచ్చారు. చూడటానికి మామూలు తెల్ల బనియనే. నూలులో సన్నని తీగ దారాలు కలిపి నేశారు, కింది అంచులో చింతగింజంత బిళ్ల పెట్టి కుట్టారు. తొడుక్కుంటే చాలు, గుండె ఎట్లా కొట్టుకుంటోందో వాళ్ల కంప్యూటర్‌లో కనిపిస్తుందట. తేడా వస్తే వాళ్లే ఫోన్ చేస్తారు.

"మా యన్నకు కరెంటు బనియన్ ఇచ్చినారప్పా, తాకితే షాక్ కొడతాది" అని పత్తికొండ టమోటా మార్కెట్ అంతా చాటాడు నా తమ్ముడు. నాకు ఒళ్లు మండింది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

ఒకే ఇంట్లో ఉంటాం, ఇద్దరిదీ ఒకే కొలత. చిన్నప్పటి నుంచీ దండెం మీద ఏది చేతికొస్తే అది తొడుక్కోవడమే. పెళ్లిళ్లయ్యాక ఆడవాళ్లు రంగు దారంతో గుర్తులు కుట్టారు గానీ, వాటిని చూసే ఓపిక ఎవరికుంది?

ఆ రోజు తమ్ముడు చీకటితోనే టమోటా కోతకు పోయాడు. నేను టిఫిన్ తింటుండగా ఆసుపత్రి నుంచి ఫోన్. గుండె లయ తప్పుతోంది, ఉన్నపళంగా బయల్దేరమన్నారు. నాకేం తెలియడం లేదే అన్నాను. కొందరికి తెలియదన్నారు. నా భార్య ఏడుస్తూ తోటలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసింది.

"భయపడొద్దు వదినా. జీపు పంపిస్తాండా, ఎక్కి పోండి. లోడు ఎత్తించి నేనూ ఎనకాలే వస్తా" అన్నాడు.

దారిలో చచ్చిపోతానేమో అనుకున్నాను. భయం కూడా సరిగా వేయలేదు.

ఈసీజీ బాగానే వచ్చింది. డాక్టరమ్మ నేను విప్పి పెట్టిన బనియన్ తీసుకుని అంచు తడిమింది. బిళ్ల లేదు.

"ఇది మాది కాదు. మేమిచ్చింది ఎవరు వేసుకున్నారు?"

తమ్ముడికి ఫోన్ చేశాను. ఎత్తాడు. ఆయాసపడుతున్నాడు.

"పని ఆపి కూచోరా! ఆ బనియన్ నీ ఒంటిమీద ఉండాది. గుండె తప్పుతాండేది నాది కాదు, నీది."

"నాకేమైతాదన్నా! ఎండకు కండ్లు తిరుగుతాండాయి, అంతే. నువ్వు బాగుండావు గదా?"

"బాగుండా."

"అంతే చాలబ్బా" అన్నాడు. తర్వాత ఫోన్ కిందపడిన చప్పుడు, కూలీల కేకలు. మళ్లీ చేస్తే ఎవరో కూలీ ఎత్తి ప్రాణం పోయిందన్నాడు.

తిరుగుదారంతా నా భార్య గుండెలు బాదుకుంది. నాకు ఏడుపు రాలేదు. సగం దారిలో ఆకలి వేసింది. ఛీ, ఏం మనిషిని అనిపించింది. అదీ కాసేపే.

ఇంటి ముందు జనం. వాకిట్లో వాణ్ని చాప మీద పడుకోబెట్టారు. నేను జీపు దిగడం చూసి తమ్ముడి భార్య వాడి పక్క నుంచి లేచి వచ్చింది. బనియన్ సంగతి ఆమెకింకా ఎవరూ చెప్పలేదు. పొద్దున నాకు గుండె బాగాలేదని తీసుకుపోయారన్నదే ఆమెకు తెలుసు.

"బావా, నీకేం కాలేదు గదా?" అని అడిగింది.

"లేదమ్మా" అన్నాను.