ట్రేసీ నోరు విప్పిన ఐదువందల మైళ్ళు

న్యూజెర్సీ నుంచి నార్త్ కరొలైనాకి కారులో ఎలా వెళ్ళాలని ఈ మధ్య చాలామంది నన్ను అడుగుతున్నారు. మోరిస్‌విల్ పక్కన రీసెర్చ్ కంపెనీలు పెరుగుతున్నాయి, మనవాళ్ళకి అక్కడ ఉద్యోగాలు వస్తున్నాయి, దారి మాత్రం ఎవరికీ రావడం లేదు. ఫోన్లో విడివిడిగా చెప్పి అలిసిపోయి, లోకకల్యాణార్థం ఇక్కడ రాసేస్తున్నాను. నేను ఆ దారిన మొదటిసారి వెళ్ళింది ఉద్యోగం కోసం కాదు. ఒక ఆస్ట్రేలియా అమ్మాయి చేత గట్టిగా అరిపించడం కోసం. అది 1986 అక్టోబర్.

ట్రేసీకి అప్పుడు పందొమ్మిదేళ్ళు. సిడ్నీకి పైన న్యూకాసిల్ అనే బొగ్గు ఊరు ఆమెది. ఆరేళ్ళప్పుడు అన్నల సాకర్ జట్టులో ఒక మనిషి తక్కువైతే వెనక నిలబెట్టారట. వెనక నిలబడి వచ్చిన బంతినల్లా ఆపేసింది. పన్నెండేళ్ళకి, ఆడపిల్లవని ఆ జట్టులోంచి తీసేశారు. పదహారేళ్ళకి ఊళ్ళో ఆడవాళ్ళ జట్టులో, తనకి రెట్టింపు వయసున్న వాళ్ళ మధ్య, వెనక వరస మధ్యలో డిఫెండర్ అయింది. అక్కణ్ణుంచి జెర్సీ సిటీలో ఒక కుటుంబం పిల్లల్ని చూసుకునే పనికి వచ్చి, మా తెలుగు చర్చికి వచ్చే సుగుణ ఆంటీ ఇంట్లో పైగదిలో అద్దెకి దిగింది. ఆదివారాలు పార్కులో ఓడరేవు కూలీలతో ఆడేది. వాళ్ళలో ఒక్కడు కూడా ఆమెని దాటుకుని పోవడం నేను చూడలేదు.

చిక్కల్లా ఒక్కటే. మధ్యలో ఉండే డిఫెండర్‌కి మైదానమంతా కనబడుతుంది కాబట్టి, ఎవరు ఎటు వెళ్ళాలో మిగతా వాళ్ళకి అరిచి చెప్పాలి. ట్రేసీ అరవదు. అరవడం మాట అటుంచండి, ఉప్పు అందుకోవాలన్నా ముందు ఉప్పుడబ్బాకి సారీ చెబుతుంది. తన యాసకి ఇక్కడివాళ్ళు నవ్వుతారని భయం. ఆ ఏడాది వసంతంలో న్యూజెర్సీలో ఒక కాలేజీ కోచ్ పరీక్ష పెట్టి, "కాళ్ళు బ్రహ్మాండం, నోరు లేదు" అని పంపేశాడు. మోరిస్‌విల్ దాటాక ఉన్న ఇంకో కాలేజీ కోచ్ ఆమె ఉత్తరానికి జవాబిచ్చింది: శనివారం మూడున్నరకి రా, చూస్తాను. ఆడితే స్కాలర్‌షిప్, చదువు. లేకపోతే డిసెంబర్లో వీసా అయిపోతుంది, ఇంటికి విమానం. మూడో కోచ్ అంటూ ఎవరూ లేరు.

కారున్నది నాకు. కానీ పెళ్ళికాని అబ్బాయి, పెళ్ళికాని అమ్మాయి, పది గంటల ప్రయాణం. ఈ లెక్క మా తెలుగు చర్చిలో ఎవరికీ కుదరలేదు. కాబట్టి సుగుణ ఆంటీ బయల్దేరింది. ఆంటీది బాపట్ల. పధ్నాలుగేళ్ళుగా ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. ఆవిడ ఇంజెక్షన్ తీస్తే డాక్టర్లు కూడా ఒక అడుగు పక్కకి జరుగుతారని వినికిడి.

శనివారం పొద్దున నాలుగింటికి ప్రార్థన చేసుకుని బయల్దేరాం. ప్రార్థన పదిహేను నిమిషాలు పట్టింది. అందులో నా టైర్లు నాలుగింటికీ విడివిడిగా చోటు దొరికింది. న్యూజెర్సీ టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కితే డెలవేర్ వంతెన దాకా రెండు గంటలు, కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. వెళ్ళకండి. గ్యాస్, అంటే పెట్రోలు, గాలన్ ఎనభై తొమ్మిది సెంట్లకి నింపాం. టోల్ గేట్లకి చిల్లర ఒక అగ్గిపెట్టెలో పోసి ట్రేసీ ఒళ్ళో పెట్టాం, దానితోపాటు మ్యాపూ పెట్టాం.

వంతెన దాటాక ఆంటీ వెనక సీట్లోంచి శాసనం చేసింది. "ఒరేయ్ ప్రసాదూ, ఇక్కణ్ణుంచి దారి ఆ పిల్లే చెప్పాలి. చెప్పకపోతే తిప్పబాక."

"మ్యాప్ బట్టీ పట్టాను, నాకు దారి తెలుసు ఆంటీ."

"నీకు తెలుసని నాకు తెలుసులే. నువ్వేమన్నా బంతి ఆడబోతున్నావా?"

ట్రేసీ మాట్లాడిందీ, మేము ఆమెతో మాట్లాడిందీ ఇంగ్లీషే. నేను తెలుగు చేస్తున్నాను, సారీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. బాల్టిమోర్ సొరంగం గండం గట్టెక్కింది, ఎందుకంటే అక్కడ తిరగడానికి దారే లేదు. వాషింగ్టన్ చుట్టూ తిరిగే రోడ్డు మీద, "సారీ, బహుశా ఎడమేమో" అని నా మోచేతికి చెప్పింది. అదృష్టవశాత్తూ నా మోచేయి వింది.

తొమ్మిదింటికి వర్జీనియాలో రోడ్డు పక్క ఒక చిన్న హోటల్లో ఆగాం. ముగ్గురికీ టిఫిను ఏడు డాలర్లు, కాఫీ వేరే. గ్రిట్స్ అని తెల్లటి మొక్కజొన్నరవ్వ జావ పెడతారు. ఆంటీ ఒక చెంచా తిని, "ఉప్మా అవుదామనుకుని మధ్యలో మనసు మార్చుకుంది" అని తీర్పిచ్చి, డబ్బాలోంచి తన నిమ్మకాయ పులిహోర తీసింది. వంటామె గరిటతో సహా బయటికొచ్చింది. మమ్మల్ని తరిమేస్తుందనుకున్నాను.

"అదేంటి తల్లీ, అంత పచ్చగా ఉంది?" అంది.

"పసుపు. తిను." ఆంటీ ఒక ముద్ద ఆమె ప్లేట్లో పెట్టింది. వంటామె నిలబడే తిని, కాఫీ డబ్బులు తీసుకోనంది. ట్రేసీ మాత్రం రెండు గుడ్లు మింగి, మ్యాప్ చూస్తూ కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు.

రిచ్‌మండ్ దాటి, పన్నెండింటికి పీటర్స్‌బర్గ్ చేరాం. పాఠకులు ఇక్కడ పెన్సిల్ తీయాలి. ఇక్కడ రోడ్డు రెండుగా చీలుతుంది. ఐ-95 నేరుగా కిందికి పోతుంది, ఐ-85 కుడికి, మనక్కావలసిన డర్హమ్ వైపు పోతుంది. బోర్డు నాకు అర మైలు ముందే కనిపించింది. చేతులు దురద పెట్టాయి.

"సారీ ప్రసాద్," అని మొదలుపెట్టింది ట్రేసీ, "నీకేమీ ఇబ్బంది లేకపోతే, నేను తప్పయితే సారీ, కానీ ఇక్కడ బహుశా మనం..."

వాక్యం చాలా మర్యాదగా ఉంది. అది పూర్తయ్యేసరికి చీలిక అద్దంలో చిన్నదైపోయింది. నేను అద్దంలోనే ఆంటీని చూశాను. "పోనీయ్," అంది ఆంటీ, చీర కొంగు సర్దుకుంటూ.

నిజం చెబుతున్నాను, ఆ తర్వాత ఇరవై మైళ్ళు నా డ్రైవింగ్ జీవితంలో అతి నీచమైనవి. ప్రతి ఎగ్జిట్ దగ్గరా వెనక్కి తిప్పొచ్చు. ఆ అమ్మాయి మ్యాప్ మీద వేలు పెట్టుకుని కూర్చుంది, ఆంటీ కిటికీలోంచి పత్తి చేలు చూస్తోంది, నేను యాభై అయిదు మైళ్ళ వేగంతో ఒక మనిషి భవిష్యత్తుకి దూరంగా కారు నడుపుతున్నాను. గడియారం పన్నెండూ ఇరవై దాటింది.

"నీకు దారి తెలుసు!"

ఎవరా అని చూశాను. ట్రేసీ. మెడ దాకా ఎర్రబడింది. "నీకు తెలుసు! బోర్డు నువ్వూ చూశావు! మరెందుకు తిప్పలేదు? ప్రసాద్! ఆపు! తిప్పు!"

స్టీరింగ్ దానంతటదే తిరిగిపోయింది. ఎగ్జిట్ దిగి ఒక గ్యాస్ బంకు ముందు ఆగాం. అప్పుడు ఆంటీ ముందుకి వంగింది.

"ఇంత గొంతు ఎక్కడ దాచావమ్మా ఇన్నాళ్ళూ?"

"సారీ ఆంటీ, నేను..."

"అదిగో మళ్ళీ. విను. నేనొచ్చిన మొదటి చలికాలం, వార్డులో ఒక ముసలాయన బీపీ పడిపోతోంది. నేను పోయి, ఎక్స్‌క్యూజ్ మీ డాక్టర్, సారీ టు డిస్టర్బ్ యూ డాక్టర్, అని మొదలుపెట్టా. నా యాసకి నవ్వుతారని భయం. నా సారీ అయ్యేలోపు ముసలాయన కళ్ళు తేలేశాడు. బతికాడులే. కానీ పెద్ద నర్సు నన్ను పక్కకి పిలిచి చెప్పింది: ముందు పేరు. తర్వాత పని. సారీ రేపు చెప్పుకో."

ట్రేసీ మ్యాప్ మడిచింది. తలుపు తీసుకుని దిగి, బంకు దగ్గర కుర్చీలో కూర్చున్న పెద్దాయన దగ్గరికి వెళ్ళింది. ఆయన చొక్కా మీద పేరు కుట్టి ఉంది.

"ఎర్ల్! డర్హమ్‌కి, తొందరగా."

ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "వెనక్కి ఇరవై మైళ్ళమ్మా, పెద్ద చీలిక. కుడికి పోవాల్సింది... ఎవరమ్మా నడిపింది?"

"వాడు," అని నన్ను చూపించింది. ఎర్ల్ నన్ను జాలిగా చూసిన చూపు నేను ఈ జన్మలో మర్చిపోను.

ఐ-85 మీద రెండు గంటల ఇరవై నిమిషాలు. చెట్లే తప్ప ఏమీ ఉండవు, గ్యాస్ ముందే కొట్టించుకోండి. వర్జీనియా పోలీసులు పొదల్లో ఉంటారు కాబట్టి అరవై దాటలేదు. మిగిలిన ప్రతి మలుపూ ట్రేసీయే చెప్పింది. ముందు పేరు, తర్వాత పని. సౌత్ హిల్ అనే ఊరు వచ్చేసరికి నా పేరంటేనే నాకు ఉలికిపాటు పుట్టింది. మోరిస్‌విల్ అప్పటికి ఒక రైలు పట్టా, నాలుగు ఇళ్ళు. దాన్ని దాటి మైదానం చేరేసరికి మూడూ పన్నెండు.

మిగతా అమ్మాయిలు అప్పటికే పరిగెడుతున్నారు. ట్రేసీ బూట్లు కట్టుకుంది కానీ వెంటనే వాళ్ళతో కలవలేదు. ఆంటీ చేతిసంచిలోంచి పెన్ను లాక్కుని, తన జట్టులో వెనక ఆడబోయే ముగ్గురి దగ్గరికీ, గోల్‌కీపర్ దగ్గరికీ వెళ్ళి పేర్లడిగి, ఎడమ ముంజేతి మీద రాసుకుంది. లిండా. బెత్. డెనీస్. రోజ్. ఆంటీ కూడా వార్డులో బీపీలు ఇలాగే అరచేతి మీద రాసుకుంటుందట.

ఆట మొదలైంది. మొదటి పది నిమిషాలు ట్రేసీ చేతి వైపు చూడటం, నోరు తెరవడం, మూయడం. ఒక పొడుగుపిల్ల ఎడమ పక్కనుంచి దూసుకొచ్చింది. ట్రేసీకి కనిపించింది, లిండాకి కనపడలేదు. గోల్. కోచ్ అట్టమీద ఏదో రాసుకుంది. ఆంటీ నా చెయ్యి పట్టుకుంది. నర్సు పట్టు, ఇప్పటికీ గుర్తుంది.

ఇంకో అయిదు నిమిషాలకి అదే పొడుగుపిల్ల, అదే పక్క.

"లిండా! ఎడమ! నీదే!"

మైదానం అవతల చెట్ల మీద పిట్టలు లేచాయి. లిండా ఎందుకో తెలియకుండానే ఎడమకి పరిగెత్తి బంతికి అడ్డం పడింది. ఎవరో కిసుక్కున నవ్వారు, ఆ యాసకే. ట్రేసీ వినలేదు. "బెత్! వెనక్కి! డెనీస్, దాన్ని వదలకు! రోజ్, బయటికి రా!" ఇంక ఆగలేదు. ఆ గంటలో ఇంకో గోల్ పడలేదు. చివరికి చెమటకి చేతి మీది పేర్లు కారి నీలంగా అయిపోయాయి. అప్పటికి వాటితో అవసరం తీరింది.

ఆట అయ్యాక కోచ్ వచ్చింది. "ఆ నాలుగు పేర్లూ నీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మూడుంపావు నుంచి."

కోచ్ నీలం మరకల చేతి వైపు చూసి, "కాగితాలు సోమవారం పోస్టు చేస్తాను. జనవరికి రా" అంది. ట్రేసీ సారీ అనబోయి, ఆంటీ వైపు చూసి, థాంక్స్ అంది.

ఆ రాత్రికి ఇరవై ఎనిమిది డాలర్ల మోటెల్. వాళ్ళిద్దరికీ గది, నాకు కారు. చర్చి లెక్క అలాంటిది. ఆదివారం తిరిగొచ్చాం. ట్రేసీ ఆ కాలేజీలో ఇప్పుడు రెండో సీజన్ ఆడుతోంది, వెనక వరస మధ్యలోనే. గొంతు కాస్త తగ్గించమని రిఫరీ రెండుసార్లు చెప్పాడని ఆంటీకి గర్వంగా ఉత్తరం రాసింది. నేను ఆ తర్వాత ఆ దారిన చాలాసార్లు వెళ్ళాను. ఒక్కసారీ తప్పలేదు. కానీ పీటర్స్‌బర్గ్ చీలిక దగ్గర చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. తెలిసిన దారి పక్కవాళ్ళకి చెప్పకుండా ఇరవై మైళ్ళు నోరు మూసుకోవడం ఎంత కష్టమో నాకు ఆరోజే తెలిసింది. అంత కష్టపడి నోరు మూసుకోవడం నా జీవితంలో అదొక్కసారే, అదీ ఆంటీ భయంతో.

ప్రయాణికులకి ఒకే ఒక్క సలహా: రిచ్‌మండ్ దాటగానే కుడి లేన్‌లోకి వచ్చేయండి, మ్యాప్ పట్టుకున్నవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి. ముందు మీ పేరు పిలవాలి, తర్వాత మలుపు చెప్పాలి. సారీ డర్హమ్‌లో చెప్పుకోవచ్చు.